ఏలేశ్వరపు గోళకీమఠము: పానగల్లుసీమ శైవచరిత్రమున నొక ఘట్టము

నల్లగొండ పట్టణమునకు నాలుగు కిలోమీటర్ల దూరమునఁ బానగల్లు గలదు. నేఁడది పట్టణములోఁ గలిసిపోవుచున్న గ్రామమే కాని, 11, 12 శతాబ్దులందుఁ గందూరు చోడుల రాజధానులలో నొకటి. పచ్చల సోమేశ్వరాలయము, ఛాయాసోమేశ్వరాలయము, ఉదయసముద్రమను పెద్ద చెఱువు, ఈ మూఁడును ఆ ప్రాభవమునకు సాక్షులు. ఛాయాసోమేశ్వరుని గర్భగృహమున లింగమువెనుక దినమంతయుఁ గదలక నిలుచు నీడను జూచుటకు దూరప్రాంతములనుండి జనులు వచ్చుచున్నారు. శిల్పి నేర్పును బొగడి పోవుచున్నారు. ఆలయములకు భూములిచ్చిన రాజులను జరిత్రకారులు లెక్కించి యున్నారు. అయితే యీ సీమయందలి శివాలయములలోఁ బూజాక్రమమును నిర్ణయించి, రాజులకు దీక్షలిచ్చి, శాస్త్రపాఠములు చెప్పి, వచ్చిన వారికి నన్నము పెట్టిన యాచార్యులెవరు, వారెచట నుండిరి, వారి నడవడి యెట్టిది యను ప్రశ్న మంతగా నడుగఁబడలేదు. గుడిప్రక్క మఠముండుట యా కాలపు మర్యాద. గుడి ఱాతికట్టడము గావున నిలిచినది. మఠము మనుష్యులతోఁ గూడినది గావున వారితోడనే పోయినది.

పానగల్లుసీమకు దక్షిణమునఁ గృష్ణాతీరమందు నట్టి మఠమొకటి యుండెనని శాసనప్రమాణముతోఁ జెప్పవచ్చును. అది యేలేశ్వరమందలి గోళకీమఠము. దాని వృత్తాంతము నెఱుఁగుటకు మాత్రము ఏలేశ్వరము చాలదు. కృష్ణానది ననుసరించి తూర్పుగా మందడమువఱకును, అచటినుండి ఉత్తరముగా నర్మదాతీరమువఱకును బోవలసి యుండును.

మందడము గుంటూరు మండలమునఁ గృష్ణకు దక్షిణపుటొడ్డున నున్నది. దానిని జేరియున్న మల్కాపురమునందు నందివిగ్రహమును దలఁదాల్చిన యొక యున్నతస్తంభముపై సంస్కృతశాసనము చెక్కఁబడియున్నది. శకవర్షము 1183 దుర్మతి సంవత్సరము, అనఁగా క్రీ.శ. 1261, దాని కాలము. దీనిని మొట్టమొదట సమగ్రముగాఁ బరిష్కరించి ప్రకటించిన కీర్తి జయంతి రామయ్య పంతులుగారిది. కాకతీయ గణపతిదేవుఁడు తన గురువైన విశ్వేశ్వరశివాచార్యునకు వాగ్దానముచేసిన మందర గ్రామమును, ఆతని కుమార్తె రుద్రమదేవి వెలగపూడి గ్రామముతోడను కృష్ణలోని లంకభూములతోడను జేర్చి ధారపోసినదని దీని సారాంశము. కాని దానవాక్యముతో శాసనము ముగియలేదు. గురుపరంపరయు, మఠపాలనావిధియు, విశ్వేశ్వరుఁడు వేఱువేఱు చోట్ల నెలకొల్పిన మఠముల పట్టికయు నిందున్నవి. ఆంధ్రదేశమున శైవమఠముల చరిత్రము వ్రాయువారికిఁ దొలి యాధారమిదియే.

పరంపర యిట్లున్నది. దుర్వాసుని సంతతియందు సద్భావశంభువు జన్మించెను. డాహలమండలము నేలిన కలచురి యువరాజదేవుఁడాతనికి మూఁడులక్షల గ్రామములు భిక్షగా నిచ్చెను. ఆతఁడు గోళకీమఠమును గట్టి యా వృత్తిని దానికి సమర్పించెను. మూఁడులక్షలను మాట నక్షరశః గ్రహింపఁ బనిలేదు. డాహలమండలమంతయుఁ దడవినను నన్ని యూళ్లు దొరకుట కష్టము. రాజ్యమున నొక భాగపు రాఁబడి మఠమునకుఁ జెందెనని యర్థము చేసికొనిన జాలును. సద్భావశంభువు తరువాత సోమశంభువు, వామశంభువు, శక్తిశంభువు, కీర్తిశంభువు, కేరళదేశజుఁడగు విమలశివుఁడు, ధర్మశివుఁడు వరుసగా నాచార్యులైరి. ధర్మశివుని శిష్యుఁడు విశ్వేశ్వరుఁడు. ఈతని జన్మస్థానము గౌడదేశమున దక్షిణరాఢయందలి పూర్వగ్రామము. నర్మదాతీరమునఁ బుట్టిన మఠమునకుఁ గేరళీయుఁడొకఁడు, వంగదేశీయుఁడొకఁ డాచార్యులగుటయు, వారిలోఁ గడపటివాఁడు తెలుఁగురాజునకు దీక్షాగురువగుటయు గమనింపఁదగినది. శాసనమున గణపతిదేవుఁడు విశ్వేశ్వరునకుఁ బుత్రుఁడుగాఁ జెప్పఁబడినాఁడు. దీక్షాసంబంధమును జన్మసంబంధముగాఁ జెప్పుట శైవులలో నాచారము.

గోళకీశబ్దము పండితులను జాలకాలము బాధించినది. అమరసింహుఁడు గోళకశబ్దమునకుఁ జెప్పిన యర్థము, అనఁగా భర్త మరణించిన పిదప నన్యునివలనఁ గలిగిన కుమారుఁడనుట, ఇచట నెంతమాత్రమును బొసఁగదు. గోళశబ్దమునకు వర్తులవస్తువని యర్థము. దానిపై స్వార్థమునఁ గకారము వచ్చి స్త్రీత్వము వివక్షితమగునపుడు టాప్ప్రత్యయము చేర్చినచో, ప్రత్యయస్థకకారమునకుఁ బూర్వమందున్న యకారమునకు ఇత్వము కలిగి ‘గోళికా’ యని కావలెను. ‘గోళకీ’ యనుటకు గౌరాదిపాఠము నాశ్రయించి ఙీష్ చేయవలయును. ఇంతటి క్లేశము పడవలసివచ్చుటయే యొక సూచన. ఈ శబ్దము మఠస్థాపకులు వ్యాకరణము ముందిడుకొని నిర్మించినది కాదు. స్థలమునకో కట్టడమునకో జనులు పెట్టిన పేరు సంస్కృతవేషము ధరించినది. జబ్బలపురసమీపమున నర్మదాతీరమందు భేరాఘాటునఁ జతుఃషష్టియోగినుల యాలయము వర్తులాకారముగా నేఁటికిని నున్నది. మఠమునకుఁ బేరు దానినుండి వచ్చినదని కొందఱు విద్వాంసులు తలఁచిరి. మఱికొందఱు రీవాప్రాంతమునందలి గుర్గి గ్రామమే గోళకి యనిరి. ధ్వనిసామ్యము రెండవ పక్షమునకుఁ గొంత యనుకూలము. కాని గుర్గియందును దాని సమీపమునందలి చంద్రేహయందును గల శాసనములలో గానవచ్చు ప్రశాంతశివ, ప్రబోధశివాదులు మత్తమయూరసంతతివారు. మల్కాపురపుఁ బట్టికలో వారి పేరొక్కటియు లేదు. ఊరిపేరు కలసి గురువులపేరులు కలియనపుడు గురువుల పేరులనే నమ్మవలెను. భేరాఘాటుపక్షమే బలీయము.

మఱియొక భ్రమయుఁ దీర్పఁదగియున్నది. తెలుఁగుదేశపు శైవాచార్యులనందఱను గాలాముఖులని యొక్క మాటతోఁ జెప్పుట కొందఱికి నలవాటైనది. కాలాముఖులు, పాశుపతులు నీ సీమయందుండిరనుట నిజమే. గోళకీమఠమువారు మాత్రము వారిలోఁ జేరరు. ఈ పరంపరయందలి సోమశంభువు 11వ శతాబ్ది యుత్తరార్ధమున రచించిన కర్మకాండక్రమావళి, సోమశంభుపద్ధతి యని ప్రసిద్ధమైనది, సిద్ధాంతశైవుల నిత్యనైమిత్తికకర్మలకు దీక్షావిధులకును బ్రమాణగ్రంథము. శాసనము తన మఠమును శుద్ధశైవమఠమనియే పేర్కొన్నది. అంతకంటె స్పష్టమైన సాక్ష్యమన్నదానపు భాగమునఁ గలదు: శైవతపస్వులతోఁబాటు కాలాననులకును బాశుపతులకును భోజనము పెట్టవలెనని యచట విధింపఁబడినది. తమవారినే తాము వేఱుగాఁ బేర్కొని వారికి నన్నము పెట్టుఁడని యెవరును వ్రాసికొనరు. కాలాముఖులు గోళకీమఠమునకు నతిథులు; గృహస్థులు కారు.

ఇఁక మఠపాలన. విశ్వేశ్వరుఁడు దానముగా వచ్చిన గ్రామమును దన మఠముపేరఁ బునర్నిర్మించి, ద్రావిడదేశమునుండి వచ్చిన 60 బ్రాహ్మణకుటుంబములను నిలిపి, కుటుంబమునకు రెండేసి పుట్ల భూమి నిచ్చెను. మిగిలిన భూమిని మూఁడుభాగములు చేసెను. ఒకభాగము శివునకు. ఒకభాగము విద్యార్థులకును శుద్ధశైవమఠమునకును. మూఁడవభాగము ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, విప్రసత్రమునకును. సన్న్యాసులేలిన మఠమునఁ బ్రసూతిశాల యుండుట చదువరుల కాశ్చర్యము కలిగింపకపోదు. సంసారము విడిచినవారు సంసారిణుల పురుటినొప్పులకుఁ దమ రాఁబడిలో మూఁడవవంతునం బాలు పెట్టిరి. మఠములు గృహస్థుల ధనము తిని యుండెడివేకాని మఱియొకపని చేయలేదని తేలికగా వ్రాయువారీ స్తంభముచెంతకు నొకసారి పోవలసియున్నది.

విద్యాశాలయందు ఋగ్యజుస్సామములు చెప్పుటకు మువ్వురును, పదవాక్యప్రమాణసాహిత్యాగమములు చెప్పుటకు నేవురును నియమింపఁబడిరి. పదమన వ్యాకరణము, వాక్యమన మీమాంస, ప్రమాణమనఁ దర్కము. శాస్త్రములలో మొదటి పీట వ్యాకరణమునకు వేసిన శాసనకర్త వివేకము మెచ్చఁదగినదే. శైవమఠముగదా, ఆగమమునే ముందుపెట్టి తక్కినవానిని దాని వెనుక నడిపింపలేదు. పదజ్ఞానము లేనివాని యాగమజ్ఞానము నిలువదని యా పెద్దలెఱుఁగుదురు. అధ్యాపకులతోడను ఒక వైద్యుఁడు, లెక్కలు వ్రాయుటకొక కాయస్థుఁడు, వంటకును సత్రమునకును బరిచారకులు, నర్తకీమణులు, వాద్యకారులు, స్వర్ణకారుఁడు, తామ్రకారుఁడు, కమ్మరి, కుమ్మరి, శిల్పి, వడ్రంగి, మంగలి మున్నగువారును జీతపుభూములు పొందిరి. గ్రామరక్షకు ‘వీరభద్రు’లను పేరితో పదుగురు భటులుండిరి. వీరి ప్రస్తావమున బీజకుక్షిశిరశ్ఛేదములు చెప్పఁబడినవి. ఇవి యపరాధులకు విధించు దండనములని కొందఱును, వీరవ్రతముగాఁ దమయంగములనే తామర్పించుకొనుటయని మఱికొందఱును వ్యాఖ్యానించిరి. ఆ కాలపు వీరశిలలపైఁ దమతలలను దామే కోసికొను వీరుల ప్రతిమలు తఱచుగాఁ గానవచ్చుటచే రెండవ యర్థము త్రోసివేయరానిది.

సత్రమందు బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు వచ్చినవారికెల్ల నే వేళనైనను నన్నము పెట్టవలెనని నియమము. గోళకీసంతతివాఁడే మఠాధిపతి కావలెను. వానికి సంవత్సరమునకు నూఱు నిష్కములు. ఆతఁడు శీలము దప్పెనేని శైవసంతతివారు కూడి యాతనిఁ దొలఁగించి యన్యుని నిలుపవచ్చును. రాజగురువు తన తరువాతి గురువులను దండించు నధికారమును శిష్యుల చేతికిచ్చి, ఆ మాటను ఱాతిపైఁ జెక్కించెనన్నమాట. మఠాధిపత్యవివాదములు న్యాయస్థానములకెక్కిన తరువాతికాలపు వృత్తాంతములు చదివినవారికి నీ నియమపు విలువ తెలియును.

విశ్వేశ్వరుఁడు మఠములను, లింగములను నెలకొల్పిన స్థలములలోఁ గాళేశ్వరము, మంద్రకూటము, చంద్రవల్లి, ఆనందపదము, కొమ్ముగ్రామము, నివృత్తి, ఉత్తరసోమశిల, ఏలేశ్వరము పేర్కొనఁబడినవి. వీనిలోఁ గడపటి రెండును దక్షిణతెలంగాణమునకుఁ జెందినవి. సోమశిలకు ‘ఉత్తర’ యను విశేషణమేల యని విచారింపవలెను. విశేషణము వ్యావర్తకము, వేఱొక సోమశిల యున్నపుడే దానికిఁ బ్రయోజనము. నెల్లూరు మండలమునఁ బెన్నాతీరమందొక సోమశిల కలదు. శ్రీశైలక్షేత్రమునకది యాగ్నేయపుటుపద్వారము. దానినుండి వేఱుపఱచుటకే పాలమూరుసీమలోఁ గొల్లాపురముచెంతఁ గృష్ణయొడ్డుననున్న సోమశిలను ‘ఉత్తర’ యనిరి. ఏలేశ్వరమును నిట్లే శ్రీశైలమున కీశాన్యోపద్వారము. ఉపద్వారములయందు మఠములు నిలుపుట యాకస్మికము కాదు. శ్రీశైలయాత్రికులు దట్టపుటడవిఁ బ్రవేశింపకముందు కడపటి విడిది యచటనే. తెలంగాణపు మిట్టలనుండి దిగివచ్చు పరుషలకు నన్నము, మందు, రక్షణము కావలసిన చోటు నదియే. మందరమున వ్రాసిన నియమములలోని సత్రమును ఆరోగ్యశాలయు నిట్టి బాటసారుల యవసరము నెఱిఁగినవారు వ్రాసినవి.

ఏలేశ్వరమునకు విద్యాస్థానమను ప్రతిష్ఠ జనశ్రుతియందును నిలిచినది. తెలుఁగు బ్రాహ్మణులను నాడులనుబట్టి వెలనాడు, వేఁగినాడు, తెలగాణ్యము మొదలుగా విభజించినవాఁ డేలేశ్వరోపాధ్యాయుఁడని వాడుక. ఆ కథ చరిత్రము కాదు. కాని యెక్కడనో యొక పండితుని నిలుపవలసినపుడు జనులీ యూరినే యెన్నుకొనుట గమనింపఁదగినది. బడిలేని యూరికిఁ బంతులకథ పుట్టదు.

ఏలేశ్వరమున మఠముండెను గావునఁ బానగల్లు దేవాలయములును దాని క్రిందివే యనుట సాహసము. పచ్చల సోమేశ్వరుఁడు, ఛాయాసోమేశ్వరుఁడు చోడుల కాలమువారు. విశ్వేశ్వరశివునికంటె నూఱేండ్లకు మించి ప్రాచీనులు. మల్కాపురపుఁ బట్టికయందుఁ బానగల్లు పేరు లేదు. చెప్పఁదగినదింతమాత్రమే: కందూరు చోడుల ప్రాభవము కాకతీయ రుద్రదేవుని చేతఁ దగ్గిన పిదప నీ సీమ యోరుగల్లునకు లోఁబడెను, ఆ యోరుగంటి రాజపీఠమునకు గోళకీయాచార్యుఁడు గురువయ్యెను. శకవర్షము 1189, అనఁగా 1267లో, దేవగిరి యాదవ సింఘణుని కుమారుఁడు సారంగపాణిదేవుఁడు రుద్రమదేవికి లోఁబడి పానగల్లునఁ ఛాయాసోమనాథునకు దానము చేసెను. మల్కాపురపు శాసనమునకును దీనికిని నెడము ఆఱేండ్లే. శత్రువంశమున జన్మించిన రాజకుమారుఁడు తెలుఁగురాణికి సామంతుఁడై యామె గౌరవించు దైవమునకు భూమి యిచ్చుటయందు రాజనీతియెంతో, భక్తియెంతో విడఁదీసి చెప్పుట కష్టము. మఱి 22 ఏండ్లకు, 1289లో, నకిరేకల్లు సమీపమున చందుపట్లయందుఁ బువ్వుల ముమ్మడి యనునతఁడు, శివలోకము చేరిన రుద్రమదేవికిని మల్లికార్జుననాయకునికిని బుణ్యముగా భూమి నిచ్చి శాసనము వ్రాయించెను. రుద్రమదేవి మరణవత్సరము చరిత్రకారులకుఁ దెలిసినదీ చిన్న శాసనమువలననే. ఆమె యిచ్చిన గొప్ప దానము కృష్ణాముఖమున మందరమునను, ఆమె మరణవార్త పానగల్లుసీమ మిట్టపల్లెయందును లిఖింపఁబడుట కాలచిత్రము.

1323లో నోరుగల్లు పడిపోయినది. రాజులు పోవఁగా గోళకీమఠములకు వృత్తులు నిలువలేదు. పండితారాధ్యుని, బసవేశ్వరుని మతములప్పటికే జనులలో వేరూనియుండుటచే, సంస్కృతాగమములపై నాధారపడిన సిద్ధాంతశైవమునకుఁ దెలుఁగున సామాన్యజనాశ్రయము తక్కువయ్యెను. ఈ మతాచార్యులు తెలుఁగులో వ్రాయలేదు. పాల్కురికి సోమనాథుఁడు ద్విపదలో శివభక్తి చెప్పుచున్న కాలమున గోళకీయులు పద్ధతిగ్రంథములను వల్లించుచుండిరి. వారి లోపమేదైన నున్నచో నదియే. తమిళదేశమునఁ బాండ్యరాజుల కాలమందు గోళకీసంతతివారి మఠములు చాల యుండెను; అచటి భాష వారికాశ్రయమిచ్చినది.

ఏలేశ్వరమునకు రెండవ మరణము 20వ శతాబ్దిలో వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదిని నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. నీరెక్కకమున్నే పురావస్తుశాఖవారు మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ గారి యాధ్వర్యవమున నేలేశ్వరమునఁ ద్రవ్వించి, బృహచ్ఛిలాసమాధులు మొదలు శాతవాహనేక్ష్వాకుల కాలపు టవశేషములవఱకుఁ గనుఁగొనిరి. 1963లో వానిపై గ్రంథము వెలువడెను. 1967 ఆగస్టు 4వ తేదిని సాగరపుఁ గాలువలకు నీరు విడువఁబడెను. నది కావలియొడ్డున నాగార్జునకొండకు లభించిన లోకప్రసిద్ధిలో శతాంశమైనను నీవలియొడ్డున నేలేశ్వరమునకు లభింపలేదు. కొండపైకిఁ దరలించిన బౌద్ధావశేషములను జూచుటకుఁ బ్రతిదినమును పడవలు పోవును. ఏలేశ్వరమునకు శివరాత్రికిఁ బోవును: జలాశయమధ్యమున నీటిపై మిగిలిన గట్టుమీఁది మల్లన్నను జూచుటకు నల్లగొండ పల్లెలవారు లాంచీలెక్కుదురు. కొబ్బరికాయ కొట్టి, గట్టుపై వండుకొని తిని, చీఁకటిపడకముందే తిరుగుదురు. తమ పడవక్రింద నొక మఠముండెనని వారిలోఁ బెక్కుఱకుఁ దెలియదు. కాని యాత్రికులు రావలసిన దినమునకు వచ్చుచునే యున్నారు. ఉత్తరసోమశిలయును నిట్లే శ్రీశైలజలాశయపు నీటికిఁ జిక్కినది. అచటి సోమేశ్వరుని గుడి నెత్తుభూమికిఁ దరలించి కట్టిరి.

మందరమున మఱియొక విధముగా జరిగినది. రుద్రమదేవి మఠమునకు దానమిచ్చిన వెలగపూడియందే 2016లో నాంధ్రప్రదేశ ప్రభుత్వపు సచివాలయము వెలసినది. మందడము దాని ప్రక్కయూరు. 2015 మొదలు రాజధాని కొఱకు భూసమీకరణము జరిగిన పొలములలో 13వ శతాబ్దిని ప్రసూతిశాలకుఁ బాలుపెట్టిన పొలములును గలవు.

సోమశంభుని పద్ధతిని పుదుచ్చేరియందలి ఫ్రెంచి పరిశోధనసంస్థవారు ఫ్రెంచి యనువాదముతో నాలుగు సంపుటములుగాఁ బ్రకటించిరి. 1963లో మొదటిది, 1998లో నాలుగవది. ఏలేశ్వరపుఁ ద్రవ్వకముల గ్రంథము వెలువడిన యేఁడే పద్ధతియొక్క మొదటి సంపుటమును వెలువడినది. తమిళదేశపు శివాలయములలో దీక్షాప్రతిష్ఠాదికర్మలకు సిద్ధాంతశైవపద్ధతులే నేఁటికిని శరణ్యములు.

పానగల్లునఁ బచ్చల సోమేశ్వరుని ప్రాంగణము పురావస్తుప్రదర్శనశాల యైనది. ఛాయాసోమేశ్వరునకు నర్చన సాగుచున్నది. ఈ సీమ భూగర్భజలమునఁ ఫ్లోరైడు విషము మిక్కుటము. దానిచే నెముకలు వంగిన పల్లెవాండ్రు నల్లగొండకు నాలుగుదిక్కులను గలరు. కావున నాగార్జునసాగరపు వెనుకటి నీటిని బుట్టంగండియొద్ద యంత్రములచే నెత్తి, అక్కంపల్లి మీఁదుగా, మాధవరెడ్డి పేరిటి కాలువలో మిట్టలకుఁ బాఱించిరి. ఆ కాలువ వచ్చి చేరునది చోడులనాఁటి యుదయసముద్రము. ఏలేశ్వరమును ముంచిన నీరే పానగల్లు చెఱువు నింపుచున్నది. దాని కట్టక్రింద నూరివారు నేఁడును వరి నాటుచున్నారు.